నీలం స్కూటరు వదిన

గోరువెచ్చటి ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని, తల వెనక్కి వాల్చి, మైకన్న గొంతులో గుడగుడలాడించాడు. వంటగట్టుకి ఆనుకుని నిలబడ్డ భార్య ఆ చప్పుడు వింటోంది. ఏళ్ళ తరబడి రోజూ వింటున్నదే. మామూలు రోజైతే, ఇంక ఆపు, పాడైన కుళాయి కూడా ఇంత గోల చెయ్యదు అనేది. ఇవాళ అనలేదు. అతను నీళ్ళు ఉమ్మేసి తువ్వాలుతో మూతి తుడుచుకునేదాకా ఆగి, ఉతికి ఇస్త్రీ చేసిన మైకు తొడుగు అతని చేతిలో పెట్టింది.

పసుపు పువ్వుల గుడ్డ అది. ఎవరి పాపకో గౌను కుట్టగా మిగిలిన ముక్క. అంచున సన్నటి ఎలాస్టిక్ వేసి, చేతి మైకుకి టోపీలా సరిపోయేట్టు కుట్టింది. వీధిలో దుమ్ము మైకులోకి పోకుండా, అతని నోటి తడి పట్టకుండా అదొక కాపలా. ఇలాంటివి ఆమె చేతి మీదుగా చాలానే వచ్చాయి, చిరిగాయి, మళ్ళీ వచ్చాయి. ఇంకొక్క రోజు వాడబోయే గుడ్డముక్కని అంత శ్రద్ధగా ఎందుకు ఇస్త్రీ చేశావని అతను అడగలేదు.

రేపు పొద్దున ఆసుపత్రిలో చేరాలి. ఆ పూటే ఆపరేషన్. గొంతులో మాట పుట్టే చోటే గడ్డ ఉంది కాబట్టి ఆ స్వరపేటికనంతా తీసేస్తామని, ప్రాణానికి ఢోకా లేదని, మాట మాత్రం ఉండదని డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఆ బొమ్మ మైకన్నకి వీధిలో రద్దీ పటంలాగే కనిపించింది. గాలి పోయే దారి, అన్నం పోయే దారి, రెండూ కలిసే కూడలిలో అడ్డంగా ఒక బండి.

కొన్ని వారాలుగా అతని గొంతు వరస ఒకటే. పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నానికి బొంగురుపోతుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గాలి తప్ప ఏమీ రాదు. పగలంతా వీధికి మాట్లాడి, ఇంటికి మాత్రం చేతి సైగలు తెచ్చేవాడు. ఆమె కూర వడ్డిస్తూ ఇంకొంచెమా అని అడిగితే వేలు చూపించేవాడు. ఈ సంగతి మీద ఆమె ఒక్కసారి కూడా సణగలేదు. అందుకే ఇవాళ ఆమె నోరు తెరిచి అడిగేసరికి అతను పూర్తిగా ఆమె వైపు తిరిగాడు.

"సాయంత్రానికి నాకు కొంచెం మిగల్చు," అంది.

ఏం చెప్పమంటావని అడిగాడు.

"అదేదో నువ్వే ఆలోచించుకో. రోజంతా ఉందిగా."

అతను తలూపి, బుగ్గన ఒక లవంగం పెట్టుకుని, తొడుగు చొక్కా జేబులో దోపుకుని మెట్లు దిగాడు. గొంతుకి మంచిదని మొదలుపెట్టిన లవంగం ఎన్నడో అలవాటైపోయింది. అతని చొక్కాలు, దిండు గలీబులు, ఆఖరికి ఇంటి తాళంచెవి కూడా ఆ వాసనే వేస్తాయి.

మైకన్న చేసే పని పోలీసు పని కాదు, పోలీసుల వెంట ఉండే పని. నో పార్కింగ్ బోర్డుల కింద పెట్టిన బండ్లను ఎత్తుకెళ్ళే క్రేను బండిలో డ్రైవరు పక్కన కూర్చుని, ఎత్తబోయే ముందు మైకులో పిలవడం. పిలిచాక కూడా రాకపోతే వెనకనున్న ఇద్దరు మనుషులు గొలుసులు తగిలిస్తారు. వాళ్ళిద్దరూ నిజంగానే బావాబామ్మర్దులు. ఒకరి చెల్లెల్ని ఇంకొకరు చేసుకున్నారు. చక్రం కింద కొక్కెం సరిగా పడకపోతే తప్పు నీదంటే నీదని ఆ చుట్టరికాన్ని తవ్వి తీసేవాళ్ళు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మైకన్న అందరిలాగే బండి నంబర్లు చదివాడు. ఒక్కడు వస్తే ఒట్టు. తన బండి నంబరు తనకి గుర్తుండే మనిషి లోకంలో అరుదని అతనికి వారం తిరక్కుండానే అర్థమైంది. ఒకనాడు విసుగొచ్చి, నంబరు మానేసి, "ఆకుపచ్చ కారు బాబాయ్, నిన్నే!" అని అరిచాడు. క్షవరం షాపులోంచి సగం గడ్డం నురగతో ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. పిలిచింది ఎవరో తెలిసినవాడే అనుకున్నాడట పాపం. ఆ రోజు నుంచి మైకన్న నంబర్ల జోలికి పోలేదు.

తోబుట్టువులు లేని మనిషి అతను. ఒంటరి తల్లికి ఒక్కడే కొడుకు. అన్నయ్యా, వదినా, పిన్నీ అని పిలవడానికి చిన్నప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. ఆ పిలుపులన్నీ వాడకుండా దాచిన కొత్త గిన్నెల్లా అతని దగ్గర ఉండిపోయాయి. మైకు చేతికొచ్చాక ఒక్కసారి అన్నీ బయటికి తీశాడు. బండిని బట్టి మనిషిని ఊహించి వరస కలిపేసేవాడు. తళతళలాడే మోటారుసైకిలైతే తమ్ముడు. బుట్ట కట్టిన పాత స్కూటరైతే పెద్దమ్మ. వెనక సీట్లో పసివాళ్ళ కుర్చీ ఉన్న కారైతే అక్క. అంచనా తప్పిన రోజులూ ఉన్నాయి. హ్యాండిల్‌కి గులాబీ కుచ్చులున్న స్కూటరు చూసి "చెల్లెమ్మా" అని పిలిస్తే గుబురు మీసాల మాంసం కొట్టు ఆసామి వచ్చాడు. అతనేమీ నొచ్చుకోలేదు. కూతురి బండట. "వచ్చానన్నయ్యా" అంటూ సిగ్గుపడుతున్నట్టు తల వంచి బండి తీసుకెళ్ళాడు. బావాబామ్మర్దులు నవ్వలేక గొలుసుల మీద కూలబడ్డారు.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు మాత్రం నీలం స్కూటరు దగ్గర జరిగింది. స్కూటరు మీద మగవాళ్ళ హెల్మెట్టు ఉంది, పక్కన ఆడవాళ్ళ చేతిసంచీ వేలాడుతోంది. మొగుడూ పెళ్ళాం ఒకే బండి మీద వచ్చారని లెక్క వేసి, "నీలం స్కూటరు వదినా, బండి తీయమ్మా, వచ్చేస్తున్నాం" అన్నాడు. దర్జీ కొట్టులోంచి ఒకమ్మాయి వచ్చింది. మెడలో కొలత టేపు, పెదాల మధ్య గుండుసూదులు. సూదులన్నీ ఒక్కొక్కటే తీసి జాకెట్టు అంచుకి గుచ్చుకునేదాకా ఆగి, అప్పుడు అడిగింది.

"ఏ అన్నయ్య పెళ్ళామని నేను నీకు వదిననయ్యాను?"

ఆ అమ్మాయికి పెళ్ళి కాలేదు. హెల్మెట్టు వాళ్ళ నాన్నది. మైకన్న సీట్లోంచి సగం లేచాడు. తప్పయిందండీ అన్నాడు. మైకు ఆపడం మరిచిపోయాడు. ఆ తప్పయిందండీ వీధి ఈ చివర నుంచి ఆ చివరికి మోగింది.

తర్వాతి వారం అదే నీలం స్కూటరు అదే నో పార్కింగ్ బోర్డు కింద ఉంది. ఆ పై వారం కూడా. వదినా అనలేదు, చెల్లెమ్మా అనడానికి మనసొప్పలేదు. "నీలం స్కూటరు గారూ" అని పిలిచాడు. వీధంతా ముసిముసిగా నవ్వింది. ఇన్నిసార్లు చెప్పినా అక్కడే పెడుతుందేమిటీ మొండిది అని అతను చాలాకాలం నిజంగానే విసుక్కున్నాడు. పెళ్ళయ్యాక గానీ బుర్రకెక్కలేదు.

పెళ్ళయిన రోజే ఆమె షరతు పెట్టింది, ఇంకోసారి ఆ మాట తన మీద వాడితే ఊరుకోనని. వదిన అంటే అన్నగారి భార్య. తల్లి తర్వాత తల్లిలా చూసుకోవాల్సిన మనిషి. ఆ వరస పెట్టి పిలిచి పెళ్ళాడిన ఘనుడు మా ఆయన అని కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. తమాషా ఏమిటంటే ఇతను వీధి మొత్తానికి అన్న కాబట్టి, ఆమె వీధి మొత్తానికి వదినే అయిపోయింది. డ్రైవరు వదినా అంటాడు. తాళాల మేస్త్రి వదినా అంటాడు. టీ బండి ఆమె, మీసాల ఆసామి, అందరూ అంతే. ఆ మాటకి నోచుకోనివాడు వీధిలో ఒక్కడే.

స్టేషను ఆవరణలో క్రేను బండి ఎదురుగా వరసకట్టి నిలబడ్డారు. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ ఆ రోజు డ్యూటీ వివరిస్తోంది. సన్నగా, నిటారుగా ఉంటుంది. మాట తూచినట్టు ఉంటుంది. పోయిన నెల బజారు వీధిలో జరిగిన సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. వీధి చివరే పెద్దాసుపత్రి. రెండు పక్కలా అడ్డదిడ్డంగా పెట్టిన బండ్ల మధ్య అంబులెన్సు ఇరుక్కుపోయి, నొప్పులు పడుతున్న పిల్ల చెప్పుల షాపు ముందు, అంబులెన్సులోనే ప్రసవించింది. తల్లీ బిడ్డా క్షేమమే. అధికారులకి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇవాళ్టి నుంచి గట్టి తనిఖీ.

హెచ్చరికలు లేవు, మైకు లేదు అంది ఆఫీసరమ్మ. పిలిస్తే వచ్చి బండి తీస్తున్నారు, మనం మలుపు తిరగ్గానే మళ్ళీ అక్కడే పెడుతున్నారు, ఈ దాగుడుమూతలు చాలు, కనబడితే ఎత్తడమే అంది. మైకన్న వైపు తిరిగి, ఇవాళ మీకు పని లేదు, కావాలంటే ఇంటికి వెళ్ళొచ్చు అని చెప్పింది. కోపంగా చెప్పలేదు. అందులో అన్యాయమూ లేదని అతనికి తెలుసు. అయినా ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. ఆఖరి రోజు. గొంతున్న ఆఖరి రోజు.

"బండిలో కూర్చోనివ్వండి మేడమ్. మాట్లాడను," అన్నాడు.

ఆవిడ క్షణం ఆలోచించి సరేనంది. విషయం తెలిసినవాడు డ్రైవరొక్కడే. చెప్పబోయి నోరు తెరిచాడు. మైకన్న అతని మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. జాలి చూపించి పని అడగడం అతనికి చేతకాదు.

ఆఫీసరమ్మ కూడా క్యాబిన్ ఎక్కాక క్రేను బండి బయల్దేరింది. మైకు ఎప్పటిలాగే డ్యాష్‌బోర్డు పక్కన కొక్కేనికి వేలాడుతోంది. మెలికల వైరు కుదుపులకి ఊగుతోంది. మైకన్న జేబులోంచి తొడుగు తీసి దానికి తొడిగి, ఎలాస్టిక్ సర్ది, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. మాట్లాడే పని లేనప్పుడు చేతులకి కూడా పని ఉండదని అతనికి అప్పుడే తెలిసొచ్చింది.

సరే, ఆలోచించుకుందామనుకున్నాడు. సాయంత్రం ఆమెకి ఏం చెప్పాలి?

అసలు చెప్పాల్సింది ఒక్కటే. ఇంత మంచి బతుకు ఇచ్చినందుకు. కానీ దానికి మాట ఏది? ధన్యవాదాలు అంటే సభలో ఆఖరున వక్త చెప్పేది. కృతజ్ఞతలు అంటే శుభలేఖ అడుగున అచ్చేసేది. థాంక్స్ అంటే చిల్లర ఇచ్చిన షాపువాడికి చెప్పేది. పెళ్ళాంతో అంటే, ఏమైంది, జ్వరమొచ్చిందా అని నుదురు పట్టుకుని చూస్తుంది. ఇన్నేళ్ళు కలిసి తిన్నారు, కలిసి పడుకున్నారు, ఒకరి జబ్బుకి ఒకరు మేలుకున్నారు. ఇంట్లో వాడుకునే ఆ ఒక్క మాట మటుకు ఎవరూ తయారు చేసి పెట్టలేదు. కిటికీలోంచి బండ్లను చూస్తూ ఒక్కొక్క మాటే నాలుక మీద పెట్టుకుని రుచి చూశాడు, పక్కన పెట్టాడు.

బజారు వీధి మొదట్లోనే పని మొదలైంది. తెల్ల కారు ఎత్తారు. ఎర్ర మోటారుసైకిలు ఎత్తారు. మైకన్న లోపల తమ్ముడూ, ఎర్ర బండి తమ్ముడూ అనుకుంటూనే ఉన్నాడు. పెదాలు కూడా కదిలాయి. చప్పుడు రానివ్వలేదు. కుర్రాడు ఉరుక్కుంటూ వచ్చేసరికి బండి గాల్లో ఉంది. వాడు ఆఫీసరమ్మని ఒక్క మాటా అనలేదు. తిన్నగా క్యాబిన్ కిటికీ దగ్గరికొచ్చి, "అన్నా, పిలవలేదేం?" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. మైకన్న గొంతు మీద చెయ్యి పెట్టి అడ్డంగా తలూపాడు.

అలా ఇంకొందరు. ఎత్తిన బండి గురించి గొడవపడాల్సిన మనుషులు కిటికీలోకి తొంగి చూసి, ఒంట్లో బాగాలేదా, మైకు పాడైందా, నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారా అని అడగడం మొదలుపెట్టారు. బావాబామ్మర్దులకి ఇదంతా కొత్త. గొలుసు లాగుతూ, మనల్ని ఏనాడైనా ఎవరైనా ఇలా అడిగారా అని బావ అంటే, నీ మొహం చూసి ఎవరడుగుతారు అన్నాడు బామ్మర్ది.

మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చేసరికి, తాళాలు చేసే మేస్త్రి కొట్టు దగ్గర వింత జరిగింది. ఆ కొట్టంటే ఒక గొడుగు, ఒక ఆకురాయి, తీగకి గుచ్చిన తాళంచెవులు, గిరాకీలు కూర్చోడానికి ఒక బల్ల. మేస్త్రి దూరం నుంచి క్రేను బండిని చూశాడు. గొంతు వినబడలేదు. ఆకురాయి కింద పెట్టి లేచి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడు.

"బూడిద రంగు కారు బావగారూ! బండి తీయండి, వచ్చేస్తున్నారు!"

ఆ పిలుపు టీ బండి ఆమె అందుకుంది. ఆమె దగ్గర్నుంచి కళ్ళజోళ్ళ షాపు, అక్కణ్ణుంచి చెప్పుల షాపు. నల్ల స్కూటరు మరదలా. పెద్ద వ్యాను మావయ్యా. పచ్చ మోటారుసైకిలు అల్లుడూ. మైకన్న ఏ బండికి ఏ వరస పెడతాడో వీధికి కంఠతా వచ్చేసింది. అతను ఎన్నడూ వాడని వరసలు కూడా కొత్తగా కలిపారు. షాపుల్లోంచి మనుషులు తాళంచెవులు పట్టుకుని బిలబిలమంటూ బయటికొచ్చారు. క్రేను బండి ఎంత ముందుకు పోతే పిలుపు అంతకన్నా ముందు పోయింది.

మైకన్న కళ్ళు మూసుకుని విన్నాడు. ఇన్నేళ్ళు తన గొంతు బయటి నుంచి ఎలా ఉంటుందో అతనికి తెలీదు. ఇప్పుడు వీధిలో చివరిదాకా అది వినబడుతోంది. తను పోగొట్టుకోబోయేది అప్పుడే పోయి ఇంతమంది దగ్గర భద్రంగా ఉందనిపించింది. కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు దొరక్క చొక్కా చెయ్యి వాడాడు.

ఆఫీసరమ్మకి కోపమొచ్చింది. ముందు మైకన్న వైపు చూసింది. అతను నోరు గట్టిగా మూసి, తొడుగుతో ఉన్న మైకు చూపించాడు. ఆవిడ బండి దిగి మేస్త్రి దగ్గరికెళ్ళి, ఎవరు పిలవమన్నారని నిలదీసింది.

"ఎవరూ అనలేదమ్మా. ఆయన పిలవట్లేదని మేం పిలుస్తున్నాం," అన్నాడు మేస్త్రి.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని వీధి వైపు తిరిగింది. అప్పుడు చూసింది. చెప్పుల షాపు నుంచి ఆసుపత్రి గేటు దాకా రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకి ఖాళీగా ఉంది. తారు మీద పూర్వమెప్పుడో గీసిన తెల్ల గీతలు కూడా కనబడుతున్నాయి. అందులోంచి ఒక అంబులెన్సు హారను కొట్టే అవసరం లేకుండా నెమ్మదిగా లోపలికి పోయింది. ఆఫీసరమ్మ అది గేటు దాటేదాకా నిలబడి, నాక్కావలసింది రోడ్డే గానీ బండ్లు కాదు అని ఎవరితోనూ కాకుండా అంది.

భోజనాల దగ్గర డ్రైవరు ఆగలేకపోయాడు. మైకన్న చేతులు కడుక్కోవడానికి వెళ్ళిన కాసేపట్లో ఆఫీసరమ్మకి మొత్తం చెప్పేశాడు. అంబులెన్సు ఇరుక్కున్న రోజు మైకన్న వీధి మీద గొంతు చించుకుని అరిచాడని, చివర్లో రుమాల్లో నెత్తురు పడిందని, ఆ అంబులెన్సు నర్సే చూసి అతని చెయ్యి పట్టుకుని ఆసుపత్రిలోకి లాక్కెళ్ళిందని, అలాగే గడ్డ బయటపడిందని. ఇంకొన్ని నెలలు ఆగితే డాక్టర్లు చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదట. అందుకే మైకన్న ఆ రోజు అడ్డంగా బండ్లు పెట్టినవాళ్ళ మీద ఒక్క మాట పడనివ్వడు. వాళ్ళ ధర్మమా అని బతికి బయటపడ్డానంటాడు. పేరైనా తెలియని ఆ పసిగుడ్డు చల్లగా ఉండాలని పొద్దున్నే ముఖం కడుక్కుంటూ తలుచుకుంటాడు. ఆఫీసరమ్మ అంతా విని, ముద్ద కలుపుతున్న చెయ్యి అలాగే ఉంచి, పొద్దునే చెప్పి ఉండాల్సింది అంది. ఆయన చెప్పనివ్వడండీ అన్నాడు డ్రైవరు.

సాయంత్రం పని ముగిసే వేళకి క్రేను బండి ఆసుపత్రి గేటు దగ్గర ఆగింది. మైకన్నకి అప్పుడు ఒక సంగతి తట్టింది. ప్రతిరోజూ ఈ వేళకి గొంతు గాలైపోయి ఉండేది. ఇవాళ పొద్దున్నుంచి వాడలేదు కాబట్టి పొద్దుటిలాగే ఉంది. మెల్లగా ఖాళీ దగ్గు దగ్గి చూసుకున్నాడు. ఉంది. మైకు వద్దని ఆఫీసరమ్మ అన్నప్పుడు లోకం కూలిపోయిందనుకున్నాడు. ఆ ఆజ్ఞ లేకపోతే ఇంటికి మళ్ళీ చేతి సైగలే తీసుకెళ్ళేవాడు. ఆవిడకి లోపల్లోపలే దణ్ణం పెట్టుకున్నాడు. మాట మాత్రం ఇంకా దొరకలేదు.

"ఆ బండి ఎవరిది?" అంది ఆఫీసరమ్మ.

ఖాళీ రోడ్డు మీద, గేటు పక్కన, నో పార్కింగ్ బోర్డుకి సరిగ్గా కింద ఒకే ఒక్క బండి ఉంది. రంగు వెలిసిన నీలం స్కూటరు. సీటు మీద మగవాళ్ళ హెల్మెట్టు పెట్టి, పక్కన ఆడవాళ్ళ చేతిసంచీ తగిలించి ఉంది.

మధ్యాహ్నం నుంచి మోగిన వీధిలో చప్పుడు లేదు. తాళాల మేస్త్రి ఆకురాయి ఆపాడు. టీ బండి ఆమె గరిట పట్టుకుని నిలబడింది. ఆ బండి ఎవరిదో అందరికీ తెలుసు. ఒక్కరూ పిలవలేదు. అందరూ క్యాబిన్ వైపే చూస్తున్నారు. మేస్త్రి కొట్టు బల్ల మీద, వీపు ఇటు పెట్టి, తనకేమీ పట్టనట్టు మైకన్న భార్య కూర్చుని ఉంది.

ఆఫీసరమ్మ డ్రైవరు మొహం చూసింది. అతను నవ్వాపుకోవడానికి స్టీరింగు మీద ఏదో తుడుస్తున్నాడు. ఆవిడకి అర్థమైంది. చెయ్యి చాచి కొక్కేనికున్న మైకు తీసి, తొడుగుతో సహా మైకన్న చేతిలో పెట్టింది.

"ఎత్తేముందు పిలవడం పద్ధతి కదండీ. పిలవండి," అంది.

మైకన్న మీట నొక్కాడు. పైన గరాటు స్పీకర్లు గరగరమన్నాయి. లవంగం ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి జరుపుకున్నాడు. పొద్దున్నుంచి వెతికిన మాట అప్పుడు, ఏ వెతుకులాటా లేకుండా, నాలుక మీదికి వచ్చి కూర్చుంది.

"నీలం స్కూటరు వదినా," అన్నాడు.

గొంతు పగల్లేదు. పూర్తిగా, గుండ్రంగా, వీధి చివరిదాకా వెళ్ళింది. బల్ల మీద ఆమె వీపు కదిలింది.

"నీలం స్కూటరు వదినా. ఇక్కడ బండి పెట్టకూడదు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "అప్పుడు నువ్వు పెట్టకపోతే నాకు ఇల్లుండేది కాదు."

బావాబామ్మర్దులు తలలు దించుకుని గొలుసులు చుడుతున్నారు. మైకన్న వీధి వైపు తిరిగాడు. షాపుల గుమ్మాల్లో నిలబడ్డ బాబాయిలు, అక్కలు, తమ్ముళ్ళు, బావలు.

"మీరంతా పిలిస్తే పలికారు. అది చాలు. వెళ్ళొస్తాను."

మీట వదిలాడు. మైకు జాగ్రత్తగా కొక్కేనికి తగిలించి, ఎలాస్టిక్ సర్ది, మెలికల వైరుని సవరించి క్యాబిన్ దిగాడు. ఆమె లేచి వచ్చింది. మెడలో కొలత టేపు ఉంది. పెదాల మధ్య గుండుసూదులు కూడా ఉన్నాయి. వాటితో ఈపాటికి పనేమీ లేదని అందరికీ తెలుసు. ఒక్కొక్కటే తీసి జాకెట్టు అంచుకి గుచ్చుకుంది. ఈసారి కాస్త ఎక్కువసేపు పట్టింది.

"ఏ అన్నయ్య పెళ్ళామని నేను నీకు వదిననయ్యాను?" అంది.

అతను నవ్వాడు. చప్పుడు వచ్చే నవ్వు. తప్పయిందండీ అన్నాడు. ఆమె హెల్మెట్టు అతనికిచ్చి, స్కూటరు ముందు సీటు మీద తనే కూర్చుని బండి తీసింది. అతను వెనక కూర్చుని ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. దారంతా ఏదో చెబుతూనే ఉన్నాడు, ఆమె తల కొంచెం వెనక్కి వాల్చి వింటూనే ఉంది. ఇల్లు చేరాక కూడా, గొంతు ఉన్నంతసేపు, చాలా మాట్లాడుకున్నారు.

ఆపరేషన్ బాగా జరిగింది. గొంతు పోయింది. మనిషి దక్కాడు. ఇప్పుడు ఆమె కొట్టులో ఒక మూల కూర్చుని కాజాలు కుడుతుంటాడు. ఆమెని పిలవాలంటే బల్ల మీద వేలితో తడతాడు. ఆమె ప్రతిసారీ పలుకుతుంది.

క్రేను బండిలో రికార్డు చేసిన గొంతు పెట్టారు. అది నంబర్లు చదువుతుంది. ఎవరూ రారు. తాళాల మేస్త్రి లేచి పిలిస్తే వస్తారు. పాత మైకుతో ఎవరికీ పని లేదు గానీ డ్రైవరు దాన్ని తియ్యనివ్వలేదు. డ్యాష్‌బోర్డు పక్కన కొక్కేనికి, పసుపు పువ్వుల తొడుగు తొడుక్కుని, కుదుపులకి ఊగుతూ ఉంటుంది. దగ్గరికి జరిగితే ఇప్పటికీ లవంగం వాసన వేస్తుంది.